మిన్నియాపొలిస్‌లో మంకీ క్యాప్

ప్రశ్న: మాది ఒంగోలు. అమ్మాయి పురిటికని నవంబరులో అమెరికాలోని మిన్నియాపొలిస్ వచ్చాను. డిసెంబరు మొదటివారంలో మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. కానీ ఇంట్లో రోజూ చలి గురించే గొడవ. అల్లుడుగారు హీటరు 68 మీద పెడతారు. ఆయన అటు వెళ్ళగానే నేను 75 చేస్తాను. వచ్చి మళ్ళీ తగ్గిస్తారు. మేమిద్దరం ఒకరినొకరం ఏమీ అనుకోం, మధ్యలో అమ్మాయి నలిగిపోతోంది. ఇంట్లో కూడా నేను స్వెట్టరు, శాలువా, మంకీ క్యాప్ తీయలేకపోతున్నాను. ఆయనేమో బనీను, నిక్కరుతో తిరుగుతారు. పైగా "రెండు నెలలైనా ఇంకా అలవాటు కాలేదా అత్తయ్యగారూ" అని నవ్వుతారు. పక్కింటాయనైతే మంచులోకే నిక్కరుతో వచ్చి చెత్త డబ్బా పెట్టి వెళ్తాడు. అమ్మాయికి ఆసుపత్రిలో పురుడైన గంటకే ఐసు నీళ్ళిచ్చారు, తాగేసింది. చెవుల్లో దూది పెట్టుకోమంటే వినదు. పాపకు రెండు చొక్కాలు, స్వెట్టరు, టోపీ, పైన దుప్పటి వేసి తీసుకెళ్తే పిల్లల డాక్టరు ఒక్కొక్కటే విప్పించింది. నాకు తల కొట్టేసినట్టయింది. వీళ్ళ చర్మమే వేరా? నాకేమైనా జబ్బా? ఇంకో సంగతి. మే మొదట్లో, అయిదో నెల వెళ్ళేలోపు ఒంగోలులో అన్నప్రాసన చేద్దామంటే, ఆ ఎండలకు పాప తట్టుకోదని అల్లుడుగారు అంటున్నారు. ఆయన పుట్టి పెరిగింది ఒంగోలులోనే! ఎవరిది న్యాయమో చెప్పండి.
— ఒక అమ్మమ్మ

సమాధానం: అమ్మా, ముందు జబ్బు సంగతి తేల్చేద్దాం. ఒంగోలులో ఉన్నప్పుడు కూడా అందరూ ఫ్యాను కింద కూర్చుంటే మీకొక్కరికే చలివేసేదా? ఈ మధ్య నీరసం, మలబద్ధకం, కారణం లేకుండా ఒళ్ళు రావడం ఉన్నాయా? ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాలి. బీపీకి అటెనలాల్, మెటప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకు కాళ్ళూ చేతులూ చల్లబడటం మామూలే. అలా ఉంటే ఒంగోలులోని మీ డాక్టరుకు ఫోన్ చేసి అడగండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. ఇవేవీ లేకపోతే మీకు జబ్బు లేదు. ఒంగోలు నుంచి తెచ్చుకున్న ఒళ్ళు ఉంది, అంతే.

ఇక 68 సంగతి. అది ఫారెన్‌హీట్ లెక్క. మన లెక్కలో 20 డిగ్రీలు. ఒంగోలులో జనవరి తెల్లవారుజామున ఉండే చలి దాదాపు అంతే. ఆ వేళప్పుడు మీరు అక్కడ ఏం చేస్తారు? శాలువా కప్పుకుంటారు, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు, ముగ్గు వేసి లోపలికొస్తారు. పదింటికల్లా ఎండెక్కి శాలువా దండెం మీదికి పోతుంది. అల్లుడుగారి ఇంట్లో మాత్రం గోడ మీది మీట ఆ తెల్లవారుజామునే ఇరవై నాలుగ్గంటలూ పట్టి ఉంచుతుంది. పదింటి ఎండ రాదు. మీరు వణుకుతున్నది బయటి మైనస్ డిగ్రీల చలికి కాదు, ఎంతకూ తెల్లవారని ఆ 20 డిగ్రీలకు.

ఇంట్లో కొబ్బరినూనె సీసా ఉంటే చూడండి. అది సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే ఫారెన్‌హీట్‌లో 75, 76. అల్లుడుగారి లెక్కలో నూనె గడ్డకట్టి ఉంటుంది, మీ లెక్కలో కరగడం మొదలవుతుంది. మన కోస్తాలో కొబ్బరినూనె గడ్డకట్టేది ఏడాదిలో కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులనే మనం చలికాలం అంటాం.

2008 వేసవిలో మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు హైదరాబాదు ఫ్లాట్లలో ఉండేవాళ్ళను, ఏ వేడి దగ్గర మీకు హాయిగా ఉందని అడిగి లెక్కకట్టారు. సుమారు 29 డిగ్రీలు వచ్చింది. 26 నుంచి 32 దాకా సర్దుకుపోతామన్నారు. అప్పటి మన భవన నిర్మాణ నియమావళిలో హాయికి రాసిన లెక్క 23 నుంచి 26. పుస్తకం లెక్కకూ మన ఒంటి లెక్కకూ అంత తేడా ఉంది. 29 దగ్గర హాయిగా ఉండే మనిషికి 20 చలి కాక ఏమవుతుంది?

చర్మం వేరా అన్నారు. కాదు. లోపల అందరిదీ 37 డిగ్రీలే. నరాల చివర ఉండి చలీ వేడీ తెలిపే గ్రాహకాలు కూడా అందరికీ అవే. వాటినీ, స్పర్శను తెలిపే గ్రాహకాలనూ కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. జూలియస్ వేడిని పట్టే గ్రాహకాన్ని మిరపకాయలోని ఘాటు పదార్థంతో పట్టుకున్నాడు. మన గుంటూరు కారం నోట్లో పెట్టుకుంటే 'మంట' అంటాం చూడండి, నోట్లో మంటేమీ లేకపోయినా నరం నిజం మంట అనుకునే కబురు పంపుతుంది. చలి కూడా అలాంటి కబురే. నరం థర్మామీటరు కాదు. నిన్నటి మీద ఇవాళ ఎంత మారిందో, ఒళ్ళు దేనికి అలవాటుపడిందో దాన్నిబట్టి చెబుతుంది. అందుకే మిన్నియాపొలిస్ వాళ్ళు అక్టోబరులో 7 డిగ్రీలకు జాకెట్లు తీస్తారు, మార్చిలో అదే 7 డిగ్రీలకు చొక్కాలతో వీధిలోకి వస్తారు.

ఇది మనుషుల చాదస్తం కాదనడానికి వాతావరణ శాఖలే సాక్ష్యం. మన దగ్గర వడగాలులని ప్రకటించాలంటే మైదానాల్లో 40 డిగ్రీలు దాటాలి, తీరప్రాంతంలో 37 చాలు, కొండల మీద 30 చాలు. దానితోపాటు మామూలు కన్నా ఎంత పెరిగిందో కూడా చూస్తారు. చలిగాలులకు మైదానాల్లో 10 డిగ్రీలకు దిగాలి, తీరంలో మామూలు కన్నా బాగా పడిపోయి 15కు దిగితే చాలు. అంటే ఒంగోలు వాళ్ళకు ఎక్కువ చలేస్తుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు! బ్రిటన్‌లో చూస్తే, వరసగా మూడు రోజులు 25 నుంచి 28 డిగ్రీలు ఉంటే, ప్రాంతాన్నిబట్టి, వడగాలులని ప్రకటిస్తారు. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 నమోదైతే దేశమంతా అల్లాడింది. మనకు మే నెలలో అదొక మామూలు మధ్యాహ్నం. వాళ్ళు సుకుమారులనుకోకండి. వాళ్ళ ఇళ్ళు వేడిని లోపల పట్టి ఉంచడానికి కట్టినవి, సీలింగ్ ఫ్యాన్లు సాధారణంగా ఉండవు, ఒంటికి చెమట పట్టే అలవాటు తక్కువ.

అలవాటు సంగతికొస్తే అల్లుడుగారి నవ్వుకు జవాబు ఉంది. వేడికి ఒళ్ళు తొందరగా అలవాటుపడుతుంది. ఒకటి రెండు వారాల్లో చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చలికి అంత తేలిగ్గా కాదు. వణుకు కాస్త తగ్గుతుంది, చలి బాధ మొద్దుబారుతుంది, అదీ రోజూ చలిలో తిరిగితేనే. మీరు ఈ రెండు నెలలూ ఇంట్లోనే ఉన్నారు, పాప పుట్టాక పాపనెత్తుకుని సోఫాలో కూర్చున్నారు. అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన మొదటి చలికాలం ఫోటోలు ఒకసారి చూపించమనండి. మూతి కూడా కనబడకుండా చుట్టుకున్న కుర్రాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. ఆయన నిక్కరు ఆయన ఇష్టం గానీ, పురిటికి సాయం వచ్చిన పెద్దావిడ వణుకుతుంటే నవ్వడం మాత్రం నాకు నచ్చలేదు. అమ్మాయి ఇది ఆయనకు చదివి వినిపించవచ్చు.

పక్కింటాయనను చూసి మీరు కంగారుపడక్కర్లేదు. ఆయన బయట ఉండేది రెండు నిమిషాలు. వెచ్చటి ఇంట్లోంచి వచ్చిన ఒంట్లో ఆ రెండు నిమిషాలకు సరిపడా వేడి ఉంటుంది. అదే మనిషి అరగంట మంచు తవ్వాల్సి వస్తే బూట్లు, గ్లౌజులు, టోపీ అన్నీ వేసుకునే వస్తాడు.

గొడవ తెగడానికి నా సలహా: పగలు 70, రాత్రి 68. పసిపిల్లల గది 68 నుంచి 72 మధ్య ఉంచమని అక్కడ సాధారణంగా చెబుతారు కాబట్టి పాపకూ సరిపోతుంది. మీరు పడుకునే గదిలో విడిగా ఒక చిన్న హీటరు, ఆయిల్ నింపినది, పెట్టించుకోండి. పరదాలకు, దుప్పట్లకు మూడడుగుల దూరంలో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి. ఇల్లంతా 75కు వేడి చేసే ఖర్చు తప్పుతుంది, మీ గది మీ ఇష్టం.

అంకె కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. మీరు కూర్చునే సోఫా కిటికీ పక్కన ఉందా? గదిలో గాలి 20 డిగ్రీలున్నా, చల్లటి అద్దం పక్కన కూర్చుంటే ఒంట్లో వేడి అటు పోతూనే ఉంటుంది, వీపు ఒకవైపే జిల్లుమంటుంది. సోఫా లోపలి గోడకు జరిపించండి. పొద్దుగూకగానే పరదాలు వేసేయండి. హీటరు నడిచే ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది. పెదాలు పగలడం, గొంతు గరగర దానివల్లే. గదిలో తేమ పెంచే హ్యుమిడిఫయరు దొరుకుతుంది, కిటికీ అద్దాల మీద నీరు కారనంత వరకే నడపండి.

బట్టల్లో మీరు చేస్తున్న పొరపాటు ఒకటి కనబడుతోంది. బరువంతా పైన వేసి కింద వదిలేస్తున్నారు. మీరు రాసిన ఉత్తరంలో పాదాల మాటే లేదు. ఉన్ని మేజోళ్ళు, వాటి మీద ఇంట్లో వేసుకునే మూత చెప్పులు ముందు కొనిపించండి. చీర కట్టుకుంటానంటే లంగా కింద లోపల ఉన్నిలా ఉండే లెగ్గింగ్స్, జాకెట్టు లోపల పల్చటి థర్మల్ వేసుకుంటే శాలువా దానంతటదే పక్కకు పోతుంది. ఒక దళసరి స్వెట్టరు కన్నా రెండు మూడు పల్చటి పొరలు మేలు, వెచ్చగా ఉంచేది వాటి మధ్య నిలిచే గాలే. లెగ్గింగ్స్, మేజోళ్ళు వేసుకున్నాక మంకీ క్యాప్ ఇంట్లో అక్కర్లేకపోవచ్చు. కావాలంటే ఉంచుకోండి, మీ తల మీది.

బయటికి వెళ్ళేటప్పుడు పైన గాలి చొరని కోటు, వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజుల బదులు వేళ్ళన్నీ ఒక సంచిలో ఉండే రకం, లోపల మేజోళ్ళకు చోటున్న బూట్లు. బూటు బిగుతుగా ఉంటే ఎంత ఖరీదైనదైనా కాలు చల్లబడుతుంది. ఫోనులో డిగ్రీలతోపాటు 'ఫీల్స్ లైక్' అని గాలి కలిపిన లెక్క ఉంటుంది, దాన్నే చూడండి. అది మైనస్ 28 సెల్సియస్‌కు దిగితే బయటపడిన చర్మం అరగంటలో దెబ్బతినవచ్చు. ఆ రోజు బయటికి వెళ్ళకండి, పక్కింటాయన వెళ్ళినా సరే.

రోజంతా ఇంట్లో కూర్చోవడం కూడా చలికి ఒక కారణమే. ఒంగోలులో మీరు పొద్దున్నుంచి పనిమీద తిరుగుతూ ఒళ్ళు వేడిగా ఉంచుకుంటారు. మిన్నియాపొలిస్ నడిబొడ్డున భవనాల్ని కలుపుతూ అద్దాల వంతెనలున్నాయి, స్కైవే అంటారు, మైళ్ళ కొద్దీ లోపల్లోపలే నడవచ్చు. మాల్ ఆఫ్ అమెరికా అయితే ఇంకా సరదా. అంత పెద్ద మాల్‌కు, గుమ్మాల దగ్గర తప్ప, సెంట్రల్ హీటింగే లేదు. పైకప్పు అద్దాల్లోంచి వచ్చే ఎండ, దీపాల వేడి, వచ్చే జనం ఒంటి వేడితోనే చలికాలమంతా వెచ్చగా ఉంటుంది. వారానికి రెండుసార్లు అల్లుడుగారిని తీసుకెళ్ళమనండి. మేపుల్ గ్రోవ్‌లోని హిందూ దేవాలయానికి వెళ్తే ఉన్ని మేజోళ్ళు మర్చిపోకండి, చెప్పులు విప్పాల్సింది అక్కడే.

బాలింత సంగతి. దూది, తలకు గుడ్డ, వేడినీళ్ళ స్నానం, కుంపటి పక్కన మంచం, ఇవన్నీ గాలి దూరే పెంకుటిళ్ళలో, రక్తం పోయి నీరసించిన మనిషికి వెచ్చదనం కోసం పెద్దవాళ్ళు చేసుకున్న ఏర్పాటు. 70 డిగ్రీల ఇంట్లో ఆ పని హీటరు చేస్తోంది. ఐసు నీళ్ళు తాగితే పాపకు జలుబు చేయదు, పాలూ చల్లబడవు. అమ్మాయికి నిజంగా కావలసింది నిద్ర, వేళకు వేడి అన్నం, దాహానికి నీళ్ళు. వేడి వేడి చారన్నం మీరు పెడితే కాదంటుందా? సాంబ్రాణి పొగ మాత్రం అస్సలు వద్దు. పసిపాప ఊపిరితిత్తులకు పొగ మంచిది కాదు, పైగా పొగ అలారం మోగి వీధంతా నిద్ర లేస్తుంది.

పాప విషయంలో నేను డాక్టరమ్మ పక్షమే. పసిపిల్లల చేతులూ పాదాలూ మామూలుగానే చల్లగా ఉంటాయి, వాటిని ముట్టుకుని మనం కంగారుపడి ఇంకో చొక్కా వేస్తాం. చెయ్యి పెట్టి చూడాల్సింది మెడ వెనక, లేదా గుండె మీద. అక్కడ వెచ్చగా పొడిగా ఉంటే చాలు. చెమటగా, వేడిగా ఉంటే ఒక పొర తీసేయాలి. ఇంట్లో మామూలు పెద్దవాళ్ళు వేసుకున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువ చాలు. ఇక్కడ పెద్దవాళ్ళంటే అమ్మాయి, మీరు కాదు! పడుకోబెట్టేటప్పుడు టోపీ, వదులు దుప్పటి, బొంత వద్దు. నిద్రలో ఒళ్ళు మరీ వేడెక్కడం, దుప్పటి ముఖం మీద పడటం పసిపిల్లలకు ప్రాణాపాయమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం గట్టిగా చెబుతోంది. దుప్పటి బదులు సంచిలా తొడిగే స్లీప్ శాక్ దొరుకుతుంది. కారులో కూడా ఉబ్బు కోటు తొడిగి బెల్టు పెట్టకూడదు. గుద్దుకుంటే కోటు అణిగిపోయి బెల్టు వదులైపోతుంది. మామూలు బట్టలతో బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి.

డాక్టరు బట్టలు విప్పించినందుకు తల కొట్టేసినట్టు అనుకోకండి. చలిదేశాల డాక్టర్లు ఇలా చుట్టిన పాపలను రోజూ చూస్తారు, మన దేశం నుంచి వెళ్ళిన అమ్మమ్మలే కాదు, అన్ని దేశాల అమ్మమ్మలూ ఇదే పని చేస్తారు.

ఇక అన్నప్రాసన. అల్లుడుగారు పుట్టింది ఒంగోలులోనే గానీ, వేడికి వచ్చిన అలవాటు తొందరగానే పోతుంది. కొన్ని వారాలు దూరమైతే చాలు, ఆయన దూరమై ఏళ్ళయింది. మైనస్‌ల నుంచి అప్పుడే తేరుకున్న ఒంటితో మేలో ఒంగోలులో దిగితే, మీరిప్పుడు పడుతున్న అవస్థే ఆయన పడతారు, అప్పుడు నవ్వే వంతు మీది. పాపకైతే ఆ పాటి అలవాటు కూడా లేదు. పసిపిల్లలు తమంతట తాము నీడకు జరగలేరు, దాహమని చెప్పలేరు. ఈ విషయంలో ఆయన మాటే న్యాయం.

కానీ మీ ముచ్చట మానుకోవాల్సిన పనిలేదు. ఆడపిల్లకు బేసి నెల కదా, అయిదు కాకపోతే ఏడు. డిసెంబరు మొదటివారంలో పుట్టిన పాపకు ఏడో నెల జూన్ మొదటివారం నుంచి జులై మొదటివారం దాకా. ఆరు నెలలు నిండాకే తల్లిపాలతోపాటు వేరే ఆహారం మొదలుపెట్టమని డాక్టర్లూ చెబుతారు కాబట్టి ఇద్దరికీ కుదురుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె జూన్ రెండో వారానికి వెళ్ళిపోతుంది. జూన్ చివరి వారంలో ముహూర్తం చూపించండి. ఒంగోలులో అప్పటికీ వేడి ఉంటుంది, కాదనను. కాబట్టి పొద్దున తొమ్మిదిలోపు ముగిసే ముహూర్తం అడగండి. పట్టులంగా ఫోటోకు పది నిమిషాలు, తర్వాత పల్చటి నూలు చొక్కా ఒక్కటి చాలు. పదకొండు నుంచి నాలుగు దాకా పాపను బయటికి తీయకండి, పాలు మామూలు కన్నా ఎక్కువసార్లు పట్టమనండి. ఏసీ ఉంటే 26, 27 దగ్గర పెట్టండి, మరీ చల్లగా చేసి బయటి ఎండలోకి తేవద్దు. వాళ్ళు ముహూర్తానికి వారం పది రోజులు ముందొస్తే అల్లుడుగారికి కూడా కాస్త చెమట అలవాటవుతుంది. ఆ వారం ఆయన ఏసీ 20 మీద పెట్టుకుంటే, మీ గదిలో ఫ్యాను మీ ఇష్టం.